సంపాదకుడు

ఒడియాలో కార్యదర్శిని సంపాదక్ అంటారు.
"ఆరేళ్లుగా సంపాదకుడివి గదా,
ఏటి సంపాదించినావురా?" అని
మా అమ్మ ఏటా ఒకసారి అడుగుతాది,
మహాసభ రోజు పొద్దున్నే,
చద్దన్నంలోకి ఉల్లిపాయ చిదిపిస్తూ.

ఈ ఏడు జవాబు చెప్పలేదు.
ముప్పై ఐదు దాటాయి. నిబంధనావళి నాలుగో పేజీ ప్రకారం
నేనింక యువకుణ్ని కాను.

కాశీనగర్‌లో బిసోయి వారి రైస్ మిల్లు గోదాం.
గోడకి బ్యానరు, పైన ఒడియా, కింద తెలుగు.
పెయింటరు మహాసభని మహసభ చేశాడు.
వంశధార వైపు మూల నిలబడితే
ఫోను ఆంధ్రాలోకి స్వాగతం పలుకుతుంది,
తూకం కాటా దగ్గరికొస్తే ఒడిశాలోకి.
సభ్యులం నలభై ఏడుగురం, కుర్చీలు ముప్పై,
మిగిలినవాళ్లు ధాన్యం బస్తాల మీద.

నివేదిక చదివాను.
రోడ్డు కోసం ధర్నా, ఒకటి.
హాస్టల్లో పురుగుల పప్పు మీద వినతిపత్రం, ఒకటి.
ముద్ర పడింది, జవాబు రాలేదు.
నిల్వ రెండొందల పద్నాలుగు రూపాయలు.
చప్పట్లు కొట్టారు.
పద్నాలుగు రూపాయలకో, నాకో.

మినిట్సు పుస్తకం తిరగేస్తే
ప్రతి ఏడూ ఒకే మాట: ఏకగ్రీవంగా.
గ్రీవం అంటే మెడ అని
బళ్లో తెలుగు మాస్టారు చెప్పారు.
నలభై ఏడు తలలకి ఒకటే మెడ.
దాన్ని ఎవరు నిమిరారో, ఎవరు వంచారో
రాసినవాణ్ని గనక నాకు తెలుసు.

ఈసారి ఎస్తేరు రైతా లేచింది.
కొండ మీంచి తెల్లారుజామునే బయల్దేరిన పిల్ల,
చెప్పులకి ఇంకా తడి మట్టి.
సవరలో మొదలెట్టి, ఒడియాలోకి దిగి,
చివర్న మాకోసం తెలుగులోకి దాటి
"నాను పోటీ సేస్తాను" అంది.
కూర్చుంది.

అవతల బమ్మిడి తేజేశ్వరు.
నా సైకిలు వెనకాల కూర్చుని పెద్దయినవాడు,
మా నాన్న పాడె నాలుగో కొమ్ము మోసినవాడు.
పోయిన వేసవిలో ఏటి ఇసకలో
"నా తరవాత నువ్వే" అని మాటిచ్చేశాను,
అదేదో మా తాత చెక్కయినట్టు.

చీటీలు కోశాను.
బిస్కెట్ల డబ్బా మూతకి కన్నం పెట్టాను.
ఒక్కొక్కరూ గోడవైపు తిరిగి రాసి వేశారు.
నా వంతొచ్చింది.

ఆ పప్పు గిన్నె నెత్తిన పెట్టుకుని
బ్లాకు ఆఫీసు దాకా పదకొండు కిలోమీటర్లు
నడిచింది ఎస్తేరు.
కాగితం మీద సంతకం నాది.
తేజేశ్వరు నన్ను చూడకుండా చూస్తున్నాడు.
మడిచి వేసేశాను.

లెక్కపెట్టాను.
ఎస్తేరు పేరు తెలుగులో రాసినవి తొమ్మిది!
నేననుకున్నవి రెండు.
తేజేశ్వరు పేరు ఒడియాలో, వంకర గుండ్రాలతో, ఆరు.
ఎవరు ఎవరివాళ్లో ఇన్నేళ్లూ నాకు తెలుసనుకున్నాను.
ఇరవై మూడు. ఇరవై మూడు.
చివరి చీటీ విప్పి రెండువైపులా అందరికీ చూపించాను.
తెలుపు.
"ఎవుడ్రా ఆ ఎదవ" అన్నారు వెనక బస్తాల మీంచి.
నవ్వారు. నేనూ నవ్వాను.

టీ తెచ్చిన పాప చేత రూపాయి ఎగరేయించారు.
అది బస్తాల సందులోకి దొర్లింది,
టార్చి వేసి, వంగి, ముగ్గురు చూసి చెప్పారు: బొరుసు.
తేజేశ్వరు వచ్చి నన్ను వాటేసుకున్నాడు.
చెవిలో అన్నాడు,
"నీ ఓటే నన్ను గట్టెక్కించింది అన్నా."

కలం మూత తీశాను. ఏకగ్రీ దాకా
చెయ్యి దానంతటదే వెళ్లింది.
ఎస్తేరు పక్కకొచ్చి నిలబడింది.
"దాదా, ఉన్నది రాయండి.
నా ఇరవై మూడు. సెల్లనిది కూడా."
కొట్టేసి రాశాను.
చెల్లనిది: ఒకటి.
ఎవరిదని ఆమె అడగలేదు.
నా వేళ్ల వంక మాత్రం చూసింది కాసేపు.
కొండ జీపు హారన్ కొడితే పరిగెత్తింది.

ఇంటికెళ్తే "ఏటి తెచ్చినావురా?" అంది అమ్మ.
జేబులోంచి ఆ చీటీ తీసిచ్చాను.
ఇటు తిప్పి, అటు తిప్పి,
పాల లెక్క గీసుకోడానికి పనికొస్తాదని
గోడ మేకుకి గుచ్చింది.